పట్టభద్రునికి దారిదీపం – డాక్టర్ జాకిర్ హుస్సేన్

పట్టా చేతికి వచ్చిన నాడు విద్యార్థికి సలహాలకు కొదువ ఉండదు. అధిక వేతనం లభించే చోట చేరమని కొందరు, జీవితానికి సార్థకత కలిగించే పని చూసుకోమని మరికొందరు హితవు చెబుతారు. ఇంటి భారం మోయవలసిన యువకునికి ఈ రెండు మాటలూ నిజమే అనిపిస్తాయి. ఈ సంకటానికి తన జీవితంతోనే సమాధానం చెప్పిన మహనీయుడు డాక్టర్ జాకిర్ హుస్సేన్.

ఆయన 1897 ఫిబ్రవరి 8వ తేదీన హైదరాబాదు నగరంలో జన్మించారు. పూర్వుల స్వస్థలం ఉత్తరప్రదేశ్‌లోని కాయంగంజ్. తండ్రి ఫిదా హుస్సేన్ ఖాన్ హైదరాబాదులో న్యాయవాదిగా రాణించారు. 1907లో తండ్రి మరణించగా కుటుంబం స్వస్థలానికి చేరుకొంది. 1911లో ప్లేగు వ్యాధి తల్లిని కూడా బలిగొంది. ఆ దుఃఖాన్ని దిగమింగి, ఇటావాలో పాఠశాల విద్య ముగించి, ఆయన అలీగఢ్ కళాశాలలో చేరారు.

ఆనాడు అలీగఢ్ పట్టభద్రులకు సర్కారు కొలువు, న్యాయవాద వృత్తి రెండు రాచబాటలు. 1920లో సహాయ నిరాకరణోద్యమం సాగుతుండగా గాంధీజీ, అలీ సోదరులు అలీగఢ్ వచ్చి, ప్రభుత్వ ధనంతో నడిచే విద్యాసంస్థలను వీడి రమ్మని పిలుపునిచ్చారు. ఇరవైమూడేళ్ల జాకిర్ హుస్సేన్ ఆ పిలుపు నందుకొని బయటికి వచ్చారు. అక్టోబరు 29న అక్కడే జామియా మిలియా ఇస్లామియా వెలసింది.

1922లో ఉన్నత విద్యకై జర్మనీ వెళ్లి, బెర్లిన్ విశ్వవిద్యాలయంలో అర్థశాస్త్రంలో డాక్టరేటు పొందారు. ఈలోగా ఖిలాఫత్ ఉద్యమం చల్లారింది. జామియాకు నిధులు అడుగంటాయి. 1925లో సంస్థ ఢిల్లీకి తరలినా, మూసివేయడమే మేలన్న మాట వినవచ్చింది. దానిని మూయవద్దని, తాము తిరిగివచ్చి సేవ చేస్తామని ఆయన, మిత్రులు ఆబిద్ హుస్సేన్, ముజీబ్‌లు జర్మనీ నుండి కబురంపారు. 1926లో ముగ్గురూ మాట నిలుపుకొన్నారు. ఇరవైతొమ్మిదేళ్లకే జాకిర్ హుస్సేన్ ఆ సంస్థకు అధిపతి అయ్యారు.

మరుసటి సంవత్సరమే పెద్దదిక్కు హకీం అజ్మల్‌ఖాన్ కన్నుమూశారు. అప్పులు మిగిలాయి. 1928లో అధ్యాపకులు ఒక సంఘంగా ఏర్పడి ప్రతిజ్ఞ చేశారు: ఇరవై సంవత్సరాలు జామియాను విడువరాదు, నెలకు నూట యాభై రూపాయలకు మించి జీతం కోరరాదు. అర్థశాస్త్రంలో డాక్టరేటు గల వ్యక్తికి ధనం విలువ తెలియక కాదు. సంస్థ కోసం ఆయన దాతల గుమ్మాలెక్కి విరాళాలు అడిగారు. తమ కోసం మాత్రం ఒక హద్దు గీసుకొన్నారు.

1935లో ఓఖ్లాలో నూతన భవనానికి శంకుస్థాపన చేసినది ఏ నవాబో, నాయకుడో కాదు. విద్యార్థులలో అందరికన్న చిన్నవాడైన బాలుడు! 1937లో వార్ధా విద్యా ప్రణాళికా సంఘానికి జాకిర్ హుస్సేన్ అధ్యక్షత వహించారు. చేతిపనిని చదువులో భాగం చేసిన ఆ ప్రణాళికకు మూలం, శ్రద్ధతో చేసిన పనియే మనిషిని తీర్చిదిద్దుతుందన్న ఆయన విశ్వాసం.

1948 వరకు, అనగా ప్రతిజ్ఞాకాలం నిండేవరకు, ఆయన జామియాలోనే ఉన్నారు. తరువాత అలీగఢ్ ఉపకులపతి, 1957లో బీహారు గవర్నరు, 1962లో ఉపరాష్ట్రపతి అయ్యారు. 1963లో భారతరత్న లభించింది. 1967లో రాష్ట్రపతి పదవి నలంకరించి, 1969 మే 3న ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు. జామియా ఆవరణలోనే ఆయనను ఖననం చేశారు. ఈ పదవులను ఆనాటి త్యాగానికి ప్రతిఫలమని భావించరాదు. 1928లో ఆయన ఎదుట ఉన్నవి అప్పులు, అద్దె ఇళ్లు మాత్రమే.

విద్యార్థి మిత్రులారా! అందరూ అల్పవేతనంతో జీవించాలని ఈ చరిత్ర చెప్పదు. తల్లిదండ్రుల అప్పు తీర్చడానికి మంచి జీతం కోరుకోవడం దోషం కాదు. అట్టి త్యాగంలో సగం భారం ఇంటివారిదేనని కూడా మరువరాదు. అయితే ఆ ప్రతిజ్ఞలోని రెండు అంకెలు మనల్ని రెండు ప్రశ్నలు అడుగుతున్నాయి. నాకు ఎంత చాలు? ఏ పనికి నా ఇరవై సంవత్సరాలు ఇవ్వగలను? జీతమెంత అని అడిగే ముందు ఈ రెండింటికీ జవాబు వెదకుకొన్న పట్టభద్రుడు ఏ ఉద్యోగంలో చేరినా దారి తప్పడు.