నరాల కణాల గుట్టు విప్పిన హిల్డే మంగోల్డ్

హిల్డే ప్రోషోల్ట్ 1898లో జర్మనీలోని గోథా పట్టణంలో పుట్టారు. ఫ్రాంక్‌ఫర్ట్ యూనివర్సిటీలో చదివేటప్పుడు శాస్త్రవేత్త హాన్స్ స్పేమన్ లెక్చర్ విన్నారు. అంతే, మనసు పిండశాస్త్రం మీదకు మళ్లింది. 1920లో ఫ్రైబర్గ్ వెళ్లి ఆయన దగ్గరే రీసెర్చ్‌లో చేరారు. మరుసటి ఏడాది స్పేమన్ అసిస్టెంట్ ఒట్టో మంగోల్డ్‌తో పెళ్లయింది. పెళ్లయినా పని మానలేదు.

పిండంలో మొదట కణాలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మరి కొన్ని చర్మంగా, కొన్ని మెదడుగా ఎలా మారుతున్నాయి? అప్పటి శాస్త్రవేత్తలకు ఇదే పెద్ద చిక్కుముడి.

నీళ్లలో బతికే, బల్లిలా కనిపించే న్యూట్ పిండాల మీద హిల్డే ప్రయోగాలు చేశారు. ఒక జాతి పిండం లేత రంగు, ఇంకో జాతిది ముదురు రంగు. లేత పిండం నుంచి చిన్న ముక్క తీసి ముదురు పిండానికి అతికించారు. పిండం సైజు ఆవగింజంతే. యాంటీబయాటిక్స్ లేని రోజులు కాబట్టి చాలా పిండాలు చనిపోయాయి. బతికిన కొన్నింటిలో మాత్రం అతికించిన చోట, నరాల గొట్టంతో సహా రెండో పిండం తయారైంది! ఆ నరాల కణాల్లో ఎక్కువ భాగం ముదురు రంగువే. అంటే అతికించిన ముక్క పక్క కణాలకు దారి చూపిందన్నమాట. ఆ ముక్కకు ఆర్గనైజర్ అని పేరు పెట్టారు.

1924లో పేపర్ వచ్చింది. అందులో స్పేమన్ పేరు ముందు, హిల్డే పేరు తర్వాత ఉంది. అదే ఏడాది సెప్టెంబర్‌లో వంటగదిలో హీటర్ పేలి, కాలిన గాయాలతో హిల్డే కన్నుమూశారు. అప్పటికి ఆమె వయసు 25 ఏళ్లే. 1935లో నోబెల్ బహుమతి స్పేమన్‌కు దక్కింది.

ఆ సంకేతం ఏమిటో తెలియడానికి 1990ల దాకా ఆగాల్సి వచ్చింది. బీఎంపీ అనే ప్రోటీన్ కణాలను చర్మం వైపు నడిపిస్తుంది. ఆర్గనైజర్‌లో నాగిన్, కార్డిన్ అనే జన్యువులు పనిచేసి, వాటి ప్రోటీన్లు బీఎంపీని అడ్డుకుంటాయి. ఆ అడ్డు పడిన కణాలే నరాల దారి పడతాయి. ఈ రోజు ల్యాబుల్లో మనిషి మూలకణాలను నరాల కణాలుగా మార్చేటప్పుడు కూడా బీఎంపీని ఇలాగే ఆపుతారు. పార్కిన్సన్స్ లాంటి జబ్బుల మీద జరుగుతున్న పరిశోధనకు ఇది ఆధారం. అల్లాహ్ సృష్టిలోని ఈ ఏర్పాటును మనిషి కంటికి చూపించిన చేతుల్లో ఆ పాతికేళ్ల తల్లి చేతులు కూడా ఉన్నాయి.