మంత్రీ ఆయనే, వర్తకుడూ ఆయనే: మీర్ జుమ్లా

గోల్కొండ చరిత్ర కొద్దిగా చదివినవారికైనా మీర్ జుమ్లా పేరు కొత్త కాదు. నిజానికి అది పేరు కాదు, పదవి. ఆయన అసలు పేరు ముహమ్మద్ సయీద్. ఇరాన్‌లో ఇస్ఫహాన్ దగ్గరి అర్దిస్తాన్‌లో ఒక పేద నూనె వర్తకుని ఇంట పుట్టాడు. కాస్త చదువు నేర్చి, వజ్రాల వ్యాపారి దగ్గర గుమాస్తాగా పొట్ట చేతపట్టుకుని దక్కనుకు వచ్చాడు.

రాళ్ళ విలువ తెలిసినవాడు, లెక్కల్లో ఘటికుడు. అబ్దుల్లా కుతుబ్ షా కొలువులో చేరి, మచిలీపట్నం హవల్దారు అయి, 1640ల్లో సుల్తాను తరువాత అంతటివాడయ్యాడు. అంత తెలివిగల మంత్రి గోల్కొండకు మరొకడు లేడంటే అతిశయోక్తి కాదు.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. పదవి పెరిగినకొద్దీ ఆయన సొంత వ్యాపారమూ పెరిగింది. వజ్రాల గనులను ఇతరుల పేర్ల మీద గుత్తకు తీసుకునేవాడని ఫ్రెంచి యాత్రికుడు బెర్నియే రాశాడు. ఆయన సొంత ఓడలు బర్మాకు, పర్షియా, అరేబియా రేవులకు పోయేవి. ఇక డచ్చి, ఇంగ్లీషు కంపెనీలతో బేరమాడేటప్పుడు ఆయన సుల్తాను మంత్రిగా మాట్లాడుతున్నాడా, తన ఓడల యజమానిగానా అన్నది విడదీసి చెప్పడం ఎవరి తరం?

సుల్తాను తరఫున కర్ణాటకం మీదికి వెళ్ళి 1650లో గండికోట పట్టుకున్నాడు. గెలిచిన సీమను సొంత జాగీరులా ఏలాడు. ఫిరంగులు పోయించాడు, తన జీతం తినే వేల గుర్రపు దళం పెట్టుకున్నాడు. సుల్తానుకు అనుమానం పుట్టింది. పుట్టదా మరి? ఆ సంగతి పసిగట్టి మీర్ జుమ్లా బీజాపూరుతోనూ, పర్షియా షాతోనూ, మొగలులతోనూ తన సొంతానికి మంతనాలు మొదలుపెట్టాడు. ఒక రాజ్యపు మంత్రి, ఆ రాజ్యానికి తెలియకుండా, మూడు పరాయి కొలువులతో!

1655 నవంబరులో ఆయన కొడుకు ముహమ్మద్ అమీన్ దర్బారులో మర్యాద తప్పాడని సుల్తాను అతన్ని బంధించి ఆస్తి జప్తు చేశాడు. షాజహాన్ తండ్రీకొడుకులిద్దరినీ తన కొలువులోకి తీసుకున్నట్టు ఫర్మానా పంపాడు. ఔరంగజేబుకు అదే సాకు. 1656 జనవరిలో మొగలు సైన్యం హైదరాబాదును దోచింది. ఒక ఇంటి తగాదాకు ఊరు ఊరంతా మూల్యం చెల్లించింది. సుల్తాను కోటలో దూరాడు. చివరకు తల్లి హయాత్ బక్షీ బేగం స్వయంగా వెళ్ళి బతిమాలుకోవలసి వచ్చింది. అబ్దుల్లా తన కూతురిని ఔరంగజేబు కొడుక్కిచ్చి పెళ్ళి చేశాడు, భారీ పరిహారానికి ఒప్పుకున్నాడు, రామగిరి వదులుకున్నాడు.

మీర్ జుమ్లా మాత్రం ఢిల్లీ వెళ్ళి, షాజహానుకు వజ్రాలు నజరానా ఇచ్చి, మొగలు వజీరు అయ్యాడు. కర్ణాటకం నా సైన్యం గెలిచినది, నాది అని అబ్దుల్లా మొరపెట్టుకున్నాడు. ఆ మొర విని తీర్పు చెప్పవలసిన కొలువులో వజీరు మీర్ జుమ్లాయే. సీమ ఆయనకే జాగీరుగా దక్కింది. 1657లో బీజాపూరు మీదికి ఔరంగజేబుతోపాటు దండు నడిపినవాడూ ఆయనే. మద్రాసు ఇంగ్లీషువారు ఆయన ఓడనొకదాన్ని పట్టుకుంటే ఆయన మనుషులు మద్రాసును ముట్టడించారు.

1660లో బెంగాలు సుబేదారు అయ్యాడు. అస్సాం దండయాత్రలో అహోముల రాజధాని గర్‌గావ్ పట్టుకున్నాడు గాని వానలు, జబ్బులు సైన్యాన్ని తినేశాయి. 1663 మార్చిలో, తిరుగు ప్రయాణంలోనే కన్నుమూశాడు. గండికోటకు ఎంతో దూరాన, అస్సాం సరిహద్దులోని మన్‌కాచార్‌లో ఆయన సమాధి ఉంది.