గిడుగు వారి ఇల్లు

ఏటా ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. అది గిడుగు రామమూర్తి పంతులు గారి పుట్టినరోజు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం మనం పాఠాల్లో చదివిందే. ఆయన ఇంటి సంగతి మాత్రం అంతగా చెప్పుకోం. హాస్టల్లో ఉండేవాళ్ళం మనం తెలుసుకోవలసింది అదే అని నా అభిప్రాయం.

ఆయన 1863లో మన శ్రీకాకుళం జిల్లాలోనే, శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. పన్నెండేళ్ళకే తండ్రి విషజ్వరంతో చనిపోయారు. విశాఖపట్నంలో మేనమామ గారింట ఉండి చదువుకున్నారు. అంటే మనలాగే, తనది కాని కప్పు కింద పెరిగిన కుర్రవాడు.

1880లో పర్లాకిమిడి రాజావారి స్కూల్లో ఉపాధ్యాయుడిగా చేరారు. జీతం నెలకు 30 రూపాయలు. ఆ ఊరి చుట్టూ కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ళ మాట ఆయనకు అర్థం కాలేదు. అది తెలుగుకు ఏమాత్రం సంబంధం లేని భాష. నేర్చుకుందామంటే నిఘంటువు లేదు, వ్యాకరణం లేదు. అందుకని తెలుగు, సవర రెండూ వచ్చిన ఒక మనిషిని తెచ్చి తన ఇంట్లోనే ఉంచుకున్నారు. ఆ ఇల్లే ఆయనకు బడి అయింది. పిల్లలకు పాఠం చెప్పే మాస్టారు ఇంటికొచ్చి తానే విద్యార్థిగా కూర్చున్నారన్నమాట!

చిన్న జీతగాడి ఇంట్లో ఇంకో మనిషికి చోటు చేయడం ఎంత పనో, ఒకే గదిలో ట్రంకుపెట్టెలు జరుపుకుంటూ పడుకునే మనకు వేరే చెప్పాలా? సీతంపేట వైపు నుంచి వచ్చిన సవర తమ్ముళ్ళకు మరీ బాగా తెలుస్తుంది, తమ మాట అర్థమయ్యే మనిషి ఒక్కడు ఉంటే గది ఎలా మారిపోతుందో.

ఆ తర్వాత ఆయన సవర భాషలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతాలిచ్చి, సవర పిల్లలకు వాళ్ళ భాషలోనే చదువు చెప్పించారు. కొండల్లో తిరిగి మలేరియా తెచ్చుకున్నారు. దానికి వాడిన క్వినైన్ వల్ల చెవుడు వచ్చింది. మాటలు వింటూ ఒక భాష నేర్చిన మనిషికి చెవులే పోయాయి. అయినా పని ఆపలేదు. 1931లో ఆయన సవర భాషా వ్యాకరణం అచ్చయింది.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి, పర్లాకిమిడి అందులో కలిసింది. తెలుగువారి ఊరు అలా పోవడం ఆయన ఒప్పుకోలేకపోయారు. యాభై ఏళ్ళకు పైగా ఉన్న ఊరిని, ఇంటిని వదిలి, 72 ఏళ్ళ వయసులో రాజమండ్రి వెళ్ళిపోయారు. 1940 జనవరి 22న కన్నుమూశారు.