కాడీ నుంచి ఛాంపియన్: హోదా పోయినా ఆట ఆపని విమెట్

గోల్ఫ్ అంటే డబ్బున్నవాళ్ల ఆట. వందేళ్ల కిందటి అమెరికాలోనూ అదే మాట. దాన్ని మార్చినవారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు ఫ్రాన్సిస్ విమెట్.

1893లో మసాచుసెట్స్‌లోని బ్రుక్‌లైన్‌లో శ్రామిక కుటుంబంలో పుట్టారు. ఇంటి ఎదురుగానే 'ది కంట్రీ క్లబ్' మైదానం. అక్కడ ఆటగాళ్ల బ్యాగులు మోసే కాడీగా పనిచేస్తూ ఆట నేర్చుకున్నారు.

1913లో అదే మైదానంలో యూఎస్ ఓపెన్ జరిగింది. నాలుగు రౌండ్లయ్యాక బ్రిటన్ దిగ్గజాలు హ్యారీ వార్డన్, టెడ్ రేలతో విమెట్ సమంగా నిలిచారు. మర్నాడు ప్లేఆఫ్. విమెట్ 72, వార్డన్ 77, రే 78. అప్పటికి విమెట్ వయసు 20, ఆయన బ్యాగు మోసిన ఎడ్డీ లోవరీకి పదేళ్లు. ఈ టోర్నీ గెలిచిన తొలి అమెచ్యూర్ విమెటే. 1914లో యూఎస్ అమెచ్యూర్ టైటిల్ కూడా ఆయనదే.

1916లో అమెరికా గోల్ఫ్ సంఘం ఆయన అమెచ్యూర్ హోదాను రద్దు చేసింది. కారణం, ఆయన క్రీడా సామగ్రి దుకాణం పెట్టుకోవడం. ఆట పేరుతో లాభపడకూడదన్నది నిబంధన. ఆస్తిపరులకు దానితో ఇబ్బంది లేదు. బతుకుతెరువు వెతుక్కోవాల్సినవాళ్లకే చిక్కు. నిర్ణయంపై విమర్శలు వెల్లువెత్తాయి. విమెట్ సైన్యంలో చేరాక, 1918లో హోదా తిరిగి ఇచ్చారు.

తొలి టైటిల్ తర్వాత 17 ఏళ్లకు, 1931లో మళ్లీ యూఎస్ అమెచ్యూర్ గెలిచారు. 1951లో సెయింట్ ఆండ్రూస్‌లోని రాయల్ అండ్ ఏన్షియంట్ క్లబ్‌కు కెప్టెన్ అయ్యారు. ఆ పదవి దక్కిన తొలి అమెరికన్ ఆయనే. 1967లో కన్నుమూశారు.

1949లో ఆయన పేరిట ఏర్పాటైన నిధి, మైదానాల్లో కాడీలుగా పనిచేసే పిల్లల చదువుకు ఇప్పటికీ సాయం చేస్తోంది.