పాట్రిక్ రస్సెల్

గద్వాల చేలలో రాత్రివేళ నడచు రైతునకు రక్తపింజర యనిన భయము. ఆంగ్లభాషలో ఆ సర్పమునకు రస్సెల్ పేరు నిలిచినది. పాట్రిక్ రస్సెల్ స్కాట్లండు దేశీయుడు, వైద్యుడు. యౌవనమున సిరియాలోని అలెప్పో నగరమున వైద్యము చేసెను. 1760 మొదలుకొని అచ్చట మహామారి చెలరేగినప్పుడు నగరము విడువక, చూచినదెల్ల వ్రాసికొనెను. ఆ వ్రాతలు 1791లో గ్రంథమయ్యెను.

1781లో సోదరుడు క్లాడ్ ఈస్టిండియా కంపెనీ అధికారిగా విశాఖపట్టణమునకు రాగా, రస్సెల్ అతనితో వచ్చెను. అప్పటికాయన ఏబదియేండ్లు దాటినవాడు. 1785లో కంపెనీ ఆయనను ప్రకృతిశాస్త్రజ్ఞునిగా నియమించెను. ఏ పాము విషము కలది, ఏది కానిది యని గుర్తించుటకు ఆయన సర్పములను సేకరించి, కోళ్లపైనను కుక్కలపైనను విషమును పరీక్షించెను. నేటి పాఠకునకు ఈ పరీక్షలు క్రూరముగా తోచక మానవు. సర్పములపై ఆయన గ్రంథము 1796లో వెలువడెను.

అంతకంటె ఓర్పుతో చేసిన పని చేపలది. విశాఖతీరమున దొరకిన రెండువందల చేపలకు దేశీయ చిత్రకారునిచే బొమ్మలు వ్రాయించి, ప్రతిదానిని వర్ణించెను. విశేషమేమనగా, వానికి లాటిను పేర్లు కల్పింపక, తీరవాసులు పిలుచు పేర్లనే పెట్టెను. పార, కార మొదలగు తెలుగు మాటలు అట్లు ఆంగ్లగ్రంథమున కెక్కెను. దీనివలన ఆయనకు నష్టము లేకపోలేదు. శాస్త్రనియమము ననుసరించి లాటిను పేరు పెట్టినవానికే నామకర్త యను గౌరవము దక్కును. తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు కువియే మొదలగువారు రస్సెల్ బొమ్మలను చూచి పేర్లు పెట్టి ఆ గౌరవము పొందిరి. పగడపు దిబ్బల యొద్ద తిరుగు నొక చేపకు 1849లో బ్లీకర్ అను శాస్త్రజ్ఞుడు రస్సెల్ పేరే పెట్టెను.

రస్సెల్ 1789లో స్వదేశమునకు మరలెను. మత్స్యగ్రంథము 1803లో అచ్చయ్యెను. రెండేండ్లకే, 1805లో, ఆయన మరణించెను.

ఆ గ్రంథములోని కార చిన్న చేప, వెండివలె మెరయును, వీపునను పొట్టక్రిందను ముండ్లుండును, నోటిని గొట్టమువలె ముందుకు సాచును. బెస్తలు దానిని ఎండబెట్టి అమ్ముదురు. దాని ఆహారనాళము చుట్టును వలయమువంటి అవయవమొకటి కలదు. అందు వసించు సూక్ష్మజీవులు వెలుగు నిచ్చును. ఆ కాంతి పొట్టక్రిందికి ప్రసరించి, పైనుండి దిగు పగటి వెలుతురుతో కలిసిపోగా, క్రిందనుండి చూచు శత్రువునకు చేప నీడ కానరాదు. ఈ సంగతి వెల్లడియగుటకు ఇరువదవ శతాబ్ది రావలసివచ్చెను.