నీలం బిళ్ళలో ఉన్న సుబ్బారావు గారు

ఈసారి నేను డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు గారి జీవితం రాస్తున్నాను. చివరిదాకా చదవండి, మన హాస్టల్ సంగతి కూడా ఉంది.

ఆయన 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో పేదరికం. చిన్నప్పుడు కాశీ పోయి అరటిపళ్ళు అమ్ముకుందామని ఇల్లు వదిలితే, తల్లి వెంకమ్మ గారు వెనక్కి తెచ్చి మళ్ళీ బడిలో వేశారని చెబుతారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి మూడోసారి పాసయ్యారు. పది తప్పితే ఇంక ఇంటికెళ్ళి మేకలు కాయడమే అనుకునేవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి.

తర్వాత మద్రాసులో వైద్యం చదివారు. ఖద్దరు కట్టారని దొర ప్రొఫెసర్‌కి కోపం వచ్చింది. అందుకని ఎం.బి.బి.ఎస్. బదులు ఎల్.ఎం.ఎస్. అనే చిన్న పట్టా ఇచ్చారు. ఆయన అన్నదమ్ములిద్దరు స్ప్రూ అనే పేగుల జబ్బుతో పోయారు. అప్పుడు దానికి సరైన మందు లేదు. 1922లో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరి, రాత్రిళ్ళు ఆస్పత్రిలో చిన్న పని చేసుకుంటూ హార్వర్డ్‌లో చదివారు.

అక్కడ ఫిస్కే గారితో కలిసి కండరాల్లో 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. కనుగొన్నారు. అదే ఏడు జర్మనీలో లోమన్ గారు కూడా వేరుగా ఏ.టి.పి.ని కనుగొన్నారు. ఏ.టి.పి. అంటే ఒంట్లో చేతిఖర్చు డబ్బు లాంటిది. నడిచినా, ఆలోచించినా అదే ఖర్చు. అది తగ్గితే ఫాస్ఫోక్రియాటిన్ వెంటనే అప్పిచ్చి ఆదుకుంటుంది.

మెదడుది మరీ పెద్ద ఖర్చు. ఒంటి బరువులో నూటికి 2 వంతులే గాని, ఆక్సిజన్‌లో నూటికి 20 వంతులు వాడుకుంటుంది. నిల్వ మాత్రం దాదాపు ఉండదు. మనం లెక్క చేస్తుంటే, ఆ పని చేసే భాగంలో రక్తనాళాలు వెడల్పయి అక్కడికి రక్తం ఎక్కువ పోతుంది. బైలదిల్లా ఇనుప రాయి మన అరకు మీదుగా గూడ్సుబండ్లలో విశాఖకి దిగుతుంది కదా. బండ్లు రాకపోతే ఉక్కు ఫ్యాక్టరీ కొలిమికి పనిలేదు. మెదడుకి రక్తం పది సెకన్లు ఆగినా మనిషి స్పృహ తప్పుతాడు.

సుబ్బారావు గారు 1940లో లెడర్లీ మందుల కంపెనీలో చేరారు. ఆయన నడిపిన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లం తయారుచేసింది. తన అన్నదమ్ములను తీసుకుపోయిన స్ప్రూకి అది మందయ్యింది. బోదకాలు మందు హెట్రజాన్ కూడా వాళ్ళదే. 1948 ఆగస్టులో, 53 ఏళ్ళకే ఆయన చనిపోయారు.

ఆ ఫోలిక్ ఆమ్లమే మనకి వారం వారం ఇచ్చే నీలం బిళ్ళలో ఇనుముతో కలిపి ఉంది. ఎర్రకణాలు పుట్టడానికి అది కావాలి. ఇనుము ఆక్సిజన్ మోయడానికి కావాలి. రక్తం తక్కువైతే ఆయాసం, తలతిరుగుడు వస్తాయి, పాఠం మీద మనసు నిలవదు. గూడెం పిల్లలకి చదువు ఎక్కదని కొందరు అంటారు. మెదడు నడిచే తీరు గూడెంలోనైనా పట్నంలోనైనా ఒక్కటే, దానికి రక్తం అందాలి అంతే.

మనలో కొందరు వికారమని బిళ్ళ కిటికీలోంచి పారేస్తున్నారు. పరగడుపున కాకుండా అన్నం తిన్నాక మింగితే వికారం తగ్గుతుంది. అప్పటికీ తగ్గకపోతే మేడం గారికి చెప్పండి. పారేయకండి.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని