పనికిరాదనుకున్న జిగురు: ఆచార్య కిప్పింగ్ జీవితం

ప్రత్యేక సంచికకు ఒక మహనీయుని జీవితం వ్రాసి పంపమని సంపాదకవర్గం వారు కోరారు. దేశనాయకుల గురించి, కవుల గురించి వ్రాయగల పెద్దలు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నా సర్వీసులో ఎక్కువ భాగం ఎలక్ట్రానిక్ పరికరాలలోకి నీరు దిగకుండా సిలికోన్ సీళ్ళు డిజైన్ చేయడంలోనే గడిచింది. అందుచేత ఆ పదార్థానికి పేరుపెట్టిన ఫ్రెడరిక్ స్టాన్లీ కిప్పింగ్ గారిని ఎన్నుకున్నాను.

ఆయన 1863 ఆగస్టు 16న ఇంగ్లండులో మాంచెస్టర్ ప్రాంతంలో జన్మించారు. తండ్రి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ ఉద్యోగి. ఓవెన్స్ కళాశాలలో చదువుకుని, మాంచెస్టర్ గ్యాస్ విభాగంలో కెమిస్టుగా చేరారు. జీతం వస్తున్న ఆ ఉద్యోగం వదులుకుని, 1886లో పరిశోధన కోసం జర్మనీలోని మ్యూనిక్ వెళ్ళారు. అక్కడ విలియం హెన్రీ పెర్కిన్ (జూనియర్) వద్ద పనిచేశారు. గురుశిష్యులుగా మొదలై ఇద్దరూ ప్రాణమిత్రులయ్యారు. తర్వాత ఇద్దరూ కలిసి వ్రాసిన ఆర్గానిక్ కెమిస్ట్రీ గ్రంథం అనేక తరాల విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది. అంతేకాదు, వారు తోడల్లుళ్ళు కూడా. హాలండ్ వారి ఇంటి ముగ్గురు అక్కచెల్లెళ్ళను కిప్పింగ్, పెర్కిన్, ఆర్థర్ లాప్‌వర్త్ అనే ముగ్గురు రసాయన శాస్త్రవేత్తలు వివాహమాడారు. ఆ ఇంట పండుగ భోజనాల వేళ ఏ ముచ్చట్లు సాగేవో ఊహించుకోవచ్చు!

ఎడింబరోలోనూ, లండన్‌లోనూ పనిచేసిన పిమ్మట, 1897లో ఆయన నాటింగ్‌హామ్ యూనివర్సిటీ కాలేజీలో రసాయనశాస్త్ర శాఖాధిపతి అయ్యారు. అదే సంవత్సరం రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికయ్యారు. ఇక ఊరు మారలేదు. 39 సంవత్సరాలు అక్కడే పనిచేశారు.

ఆయన చేపట్టిన విషయం సిలికాన్. ఇసుకలో, గాజులో ఉండే మూలకం ఇది. దీనికి కర్బన సమూహాలను జతచేస్తే ఏమవుతుందన్నదే ఆయన ప్రశ్న. కీటోన్లను పోలిన పదార్థాలు వస్తాయని భావించి, వాటికి సిలికోన్లని పేరుపెట్టారు. సిలికాన్ మూలకం, సిలికోన్ దానినుండి చేసిన పదార్థం. ఈ తేడా కొత్త ఇంజనీర్లకు నేను ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. కిప్పింగ్ గారికి కావలసింది శుద్ధమైన స్ఫటికాలు. గాజుపాత్రల అడుగున మాత్రం తరచు జిగురు ముద్దలు మిగిలేవి. స్ఫటికంగా మారవు, శుద్ధి కావు. వాటివల్ల ఆయనకు విసుగే మిగిలింది. అయినా విడిచిపెట్టక, ఈ శాఖపై సుమారు యాభై పరిశోధన పత్రాలు ప్రకటించారు. 1918లో డేవీ పతకం అందుకున్నారు.

1936లో పదవీ విరమణ చేశారు. అప్పటికి ఆయనకు 73వ ఏడు. మనలో చాలామంది 58కే ఇంటిదారి పట్టినవాళ్ళం. దాదాపు అదే సమయంలో రాయల్ సొసైటీలో ఇచ్చిన ప్రసంగంలో తన జీవితకాలపు కృషిని సమీక్షించుకున్నారు. ఈ శాఖలో సమీప భవిష్యత్తులో ముఖ్యమైన ప్రగతి ఏదీ వస్తుందన్న ఆశ తనకు లేదన్నారు. నలభై ఏళ్ళు ఒకే పని చేసిన మనిషి, దానిని అలా అంచనా వేసుకుని దిగిపోవడం ఎంత బరువైన విషయమో పింఛనుదారులకు వేరే చెప్పనక్కరలేదు.

అయితే అమెరికాలో మరికొందరు అప్పటికే ఆయన పత్రాలు చదువుతున్నారు. కార్నింగ్ గాజు కంపెనీలో ఫ్రాంక్లిన్ హైడ్ ఆ జిగురు పదార్థాలే అసలు సరుకని గ్రహించారు. 1940లో జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో యూజీన్ రోకో వీటి ముడిసరుకును చౌకగా తయారుచేసే పద్ధతి కనుగొన్నారు. 1943లో డౌ కార్నింగ్ సంస్థ ఏర్పడింది. దాని తొలి సరుకుల్లో ఒకటి, యుద్ధవిమానాల ఇగ్నిషన్ వ్యవస్థలోకి తేమ చేరకుండా పూసే సిలికోన్ ముద్ద. అంటే మన విద్యుత్ పరికరాలకు వేసే సీలుకు అదే పూర్వీకురాలు!

ఇసుకలోని సిలికాన్–ఆక్సిజన్ గొలుసు వేడికి తట్టుకుంటుంది. దానికి అంటిన కర్బన సమూహాలు నీటిని దరిచేరనివ్వవు. కనుకనే సిలికోన్ రబ్బరు సున్నాకు దిగువన 50 డిగ్రీల చలిలోనూ, 200 డిగ్రీల వేడిలోనూ మెత్తదనం కోల్పోదు. మామూలు రబ్బరు గాస్కెట్టు ఎండకు బీటలు వారిన సంగతి మీకు అనుభవమే. మా విభాగంలో సీలును మందంలో ఇరవై, ముప్పై శాతం నలిగేలా డిజైన్ చేసేవాళ్ళం. ఇక్కడొక కిటుకుంది. సిలికోన్‌ను నొక్కితే ఆకారం మారుతుంది గాని పరిమాణం తగ్గదు. కాబట్టి గాడిలో దానికి పక్కకు జరిగే చోటు వదలాలి. లేకుంటే మూత ఉబ్బుతుంది. గాడి మూలలు గుండ్రంగా ఉండాలి, స్క్రూలు మరీ ఎడంగా ఉండకూడదు. దీనికీ లోపాలున్నాయి. పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది. నీటిని ఆపుతుంది గాని నీటి ఆవిరిని పూర్తిగా ఆపలేదు. అందుకే కొన్ని పెట్టెలలో తేమ పీల్చే సిలికాజెల్ పొట్లం పెడతారు.

కిప్పింగ్ గారు విరమణ తర్వాత వేల్స్‌లోని క్రిచియత్‌లో స్థిరపడి, 1949 మే 1న 85వ ఏట కన్నుమూశారు. తాను పనికిరాదనుకున్న జిగురు కర్మాగారాలలో తయారుకావడం ఆయన జీవితకాలంలోనే మొదలైంది. నేడు చేతి గడియారాలలో, ఐపీ67 ముద్ర ఉన్న అనేక సెల్‌ఫోన్లలో అటువంటి సీళ్ళు ఉన్నాయి. మీటరు లోతు నీటిలో అరగంట ఉంచినా లోనికి నీరు పోదని ఆ ముద్రకు అర్థం.

ఉద్యోగంలో మనం చేసిన పని విలువను రిటైరైన రోజున మనమే లెక్కకట్టుకుని, సున్నా వేసుకోవడం తగదని ఆయన జీవితం చెబుతోంది. ఆయన చేసిన పుణ్యమల్లా, పనికిరాదనుకున్నదాన్ని కూడా శ్రద్ధగా వ్రాసిపెట్టడం. సభ్యుల ఇళ్ళలో పాత నోటుపుస్తకాలు, డైరీలు ఉంటే దయచేసి తూకానికి వేయకండి. వాటితో ఎవరికి ఏ అవసరం పడుతుందో చెప్పలేం.